నూకాలు తెచ్చిన మూడు బుట్టలు

అనగనగా అంటున్నాను, ఊఁ కొట్టండి పిల్లలూ.

తామ్రపురి అని ఒక పట్నం. కోట లోపలి జనం చెత్త పారేసేవారు. కోట బయట పాకల్లో ఉండేవాళ్లు దాన్ని ఎత్తి, ఏరి, పనికొచ్చేది అమ్ముకుని బతికేవారు. వాళ్లు పెద్ద ద్వారం తొక్కకూడదు, ఊరి బావి ముట్టకూడదు. చెత్త మాత్రం ఎత్తాలట. ఎంత చక్కని న్యాయమో చూశారా.

ఒక ఏడు ఊళ్లో పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. "చెత్త ఏరేవాళ్లే రోగం తెచ్చారు. పొద్దుగూకేలోగా వాళ్ల పాకలు తగలబెట్టి తరిమేయండి" అన్నాడు రాజు.

ఆ మాట పాకల్లో ఉండే నూకాలు చెవిన పడింది. భర్త పోయాక ఆమెకు ఆ పాక తప్ప ఏమీ మిగల్లేదు. అయితే ఆమెకొక సంగతి తెలుసు. ఏ ఇంటి చెత్తను ఆ ఇంటి కుప్పగానే పోసి ఏరడం వాళ్ల పద్ధతి. పొరపాటున వెండి చెంచా వస్తే ఆ ఇంటికే తిరిగివ్వాలి కదా మరి. అలా ఏరుతుంటే, జబ్బుపడ్డ ప్రతి ఇంటి కుప్పలోనూ కాషాయపు మరకలున్న మోదుగాకు మిఠాయి పొట్లాలు కనబడ్డాయి.

నూకాలు మూడు బుట్టలు నింపుకుని కోట దొడ్డిగుమ్మంలోంచి లోపలికి పరుగెత్తింది. వైద్యుడు ముక్కు మూసుకుని తలుపేసుకున్నాడు. మంత్రి విననే లేదు. సభ గుమ్మంలో భటుడు ఈటె అడ్డం పెట్టాడు. పొద్దు వాలిపోతోంది. లోపల రాజుగారి చిన్నపాప, మిఠాయి వ్యాపారి తెచ్చిన కాషాయపు లడ్డూ నోటి దగ్గర పెట్టుకుంటోంది.

నూకాలు ఈటె కింద నుంచి దూరింది. "పాపా, తినకు తల్లీ" అని అరిచింది.

కత్తులు లేచాయి. "నీ తల తీయిస్తాను" అన్నాడు రాజు.

"తీయించండి ప్రభూ. ముందు ఈ బుట్టలు చూడండి."

మొదటి బుట్టలో జబ్బుపడ్డ ఇళ్ల చెత్త. అందులో మరకల పొట్లాలున్నాయి. రెండో బుట్టలో ఆరోగ్యంగా ఉన్న ఇళ్ల చెత్త. అందులో ఒక్క పొట్లమూ లేదు. మూడోది ఆ మిఠాయి వ్యాపారి చలమయ్య పెరటి చెత్త. అందులో ఉన్నవన్నీ బట్టలకు అద్దే కాషాయపు రంగు ముంతలే.

"మిఠాయి చేసే ఇంట్లో ఇన్ని రంగు ముంతలెందుకు ప్రభూ?"

"అబద్ధం. నేను వేసేది కుంకుమపువ్వు" అన్నాడు సభలోనే ఉన్న చలమయ్య.

"అయితే ఆ లడ్డూ నువ్వే తిను" అన్నాడు రాజు. చలమయ్య లడ్డూ తీసుకున్నాడు గానీ, కొరక్కుండానే కింద పెట్టేశాడు. ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

కాగడాలు పట్టుకుని పాకల దగ్గర నిలబడ్డ భటులను రాజు వెనక్కి పిలిపించి, నూకాలు వైపు తిరిగాడు. "నీకు బంగారు మాడలిస్తాను, తీసుకో" అన్నాడు.

"మాడలొద్దు ప్రభూ. పెద్ద ద్వారంలోంచి రానివ్వండి. ఊరి బావి నీళ్లు తాగనివ్వండి. ఊరి మంచిచెడ్డలు మాట్లాడుకునేటప్పుడు మమ్మల్నీ పక్కన కూర్చోబెట్టండి."

"అలాగే తల్లీ. ఇంతకూ నీ పేరేమిటి?"

"నూకాలు ప్రభూ. ముప్పై ఏళ్లుగా మీ కోట చెత్త ఎత్తుతున్నాను. పేరు అడగడం ఇదే మొదలు."

రాజు సిగ్గుతో తల దించుకున్నాడు.

కాబట్టి పిల్లలూ, తన మురికి ఎత్తే మనిషిని తనలో కలుపుకోని ఊరు, తన మేలును తానే బయట పారేసుకుంటుంది.