నూనె తల

మద్దిలేటికి నీళ్ళ పిచ్చి పట్టిందని వీధంతా అనుకున్నారు. అనుకోరూ మరి! నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పొద్దంతా తెల్లటి రాతిబురదలో నానిన మనిషి, ఇంటికి రాగానే పెళ్ళాంబిడ్డల మొహం చూడకుండా నేరుగా పెరట్లోకి పోయి, వల కట్టిన కర్ర ఒకటి పట్టుకుని, నీళ్ళ మీద రాలిన వేపాకులు ఏరుతూ నిలబడితే ఇంకేమనుకుంటారు?

ఆ నీళ్ళు పెరట్లోకి వచ్చిన కారణం మాత్రం పిచ్చిది కాదు. ఆ ఊరి చుట్టూ నాపరాతి గనులే. రాయి తీసి వదిలేసిన గుంతల్లో వాననీళ్ళు నిలుస్తాయి, పాలు కలిపినట్టు తెల్లగా. లోతు పైకి తెలియదు. కిందటేడు ఎండాకాలం ఎదురింటి పిల్లవాడు ఈతకని పోయి అందులోనే ఉండిపోయాడు. వాణ్ణి బయటికి తీసినవాళ్ళలో మద్దిలేటి కూడా ఉన్నాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు అతనికి అన్నం సయించలేదు. తన కూతురు చందనకూ నీళ్ళంటే ప్రాణం. దాని చెయ్యి పట్టుకు తిరిగే తమ్ముడు, చిన్నోడు ఒకడు. వద్దంటే ఆగే వయసులా అవి?

అందుకని కర్నూలు పోయి, ఉన్నవాటిలో చవకైన ఈత తొట్టి ఒకటి కొనుక్కొచ్చాడు. ఇనప గొట్టాల చట్రం, దానికి తొడిగే నీలం పట్ట, నీళ్ళు వడకట్టే చిన్న మోటారు, అంతే. పెరట్లో నేల చదును చేసి, ఇసక పరిచి, బోరు నీళ్ళు నింపాడు. మొదట్లో ఆ పెరడు పెరడులా లేదు, తిరునాళ్ళలా ఉండింది.

తర్వాత నీళ్ళు పచ్చబడ్డాయి. మద్దిలేటి బిందెలో వేసినట్టు పటిక వేశాడు. మురికి అడుగుకు దిగింది, పిల్లలు దూకగానే మళ్ళీ పైకి లేచింది. కొట్టువాణ్ణి అడిగితే, క్లోరిన్ మందు వేయాలన్నాడు, మోటారులో జల్లెడ రోజూ కడగాలన్నాడు, అన్నిటికంటే ముందు నూనె తలలతో ఎవరినీ దిగనివ్వొద్దన్నాడు. నూనె పైన తెట్టు కడుతుందట. ఆ మాట మద్దిలేటి పట్టుకున్నాడు. అట్లాంటిట్లాంటి పట్టు కాదు, ఉడుంపట్టు.

పిల్లల తల్లి సువర్ణ ఏమో, సెలవులైనా సరే, పొద్దున్నే పిల్ల తలకు నూనె పెట్టి జడ వేయందే గడప దాటనివ్వదు. ఇక ఆ పిల్ల దిగేదెప్పుడు? ఆదివారం తలంటుకున్నాక దిగొచ్చన్నాడు. కుంకుడుకాయ నురగ తేలుతోందని అదీ మానిపించాడు. చివరికి పైన టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించేశాడు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని సువర్ణ వంటింట్లోంచి అననే అంది. చందన కొన్నాళ్ళు ఏడ్చి, తర్వాత అడగడం మానేసింది. సాయంత్రాలు తమ్ముణ్ణి తీసుకుని స్నేహితురాలింటికి ఆడుకోను పోతోందని సువర్ణ చెబితే, పోనీలే, పెరడు ప్రశాంతంగా ఉందని మద్దిలేటి సంతోషించాడు. ఏం తండ్రో!

నీళ్ళు మాత్రం తేటపడ్డాయి. సాయంత్రం టార్పాలిన్ తీసి, పక్కన స్టూలేసుకుని కూర్చుంటే అడుగున పట్ట మడతలు కూడా కనిపించేవి. పొద్దంతా మర రొద విన్న చెవులకు అక్కడ హాయిగా ఉండేది. అదే మద్దిలేటి ధ్యానం. ఆ ధ్యానానికి బీజం వేసింది దస్తగిరి తాత.

దస్తగిరి తాత ఊరి చివర దర్గాలో ఉంటాడు. నమాజు చేసేవాళ్ళూ పోతారు, నామం పెట్టేవాళ్ళూ పోతారు, అందరికీ ఆయన తాతే. పెద్దగా మాట్లాడడు. మనసును తేట నీళ్ళలా ఉంచుకో నాయనా అని ఎప్పుడో మద్దిలేటితో అన్నాడు. అంతకంటే పెద్ద మాట మద్దిలేటి తన జన్మలో వినలేదు.

ఒక గురువారం పోయి తాత ముందు కూర్చున్నాడు. మొహంలో దిగులుంది గానీ, దాని వెనకాల గర్వం కూడా ఉంది, దాస్తే దాగేదా అది? తన పెరటి నీళ్ళ సంగతంతా చెప్పుకొచ్చాడు. ఎవరూ తాకకపోతే నీళ్ళు ఎంత తేటగా ఉంటాయో, మనసూ అంతేనని తనకు తెలిసొచ్చిందన్నాడు. ఇంట్లోవాళ్ళకే ఇది తలకెక్కడం లేదన్నాడు. పెళ్ళాం మూతి ముడుచుకుంటోంది, కూతురు దగ్గరికే రావడం లేదు.

"సంసారంలో ఉండి తేటగా ఉండేదెట్లా తాతా?"

తాత అగరొత్తుల బూడిద గుడ్డతో తుడుస్తూ అంతా విన్నాడు.

"ఆ నీళ్ళు ఒకసారి చూపిస్తావా?" అన్నాడు.

మద్దిలేటికి ఎగిరి గంతేసినంత పనైంది. మర్నాడు ఫ్యాక్టరీలో చెప్పి పెందలాడే బయటపడ్డాడు. బట్టలు కూడా మార్చుకోకుండా, రాతిపొడి ఒంటితోనే దర్గాకు పోయి తాతను బండి మీద ఎక్కించుకొచ్చాడు.

పెరట్లో కాళ్ళకు నీళ్ళిచ్చాడు. చిందులు తొట్టిలో పడతాయేమోనని, కాస్త అటు తిరగమని తాతను బతిమాలాడు. తాత అటే తిరిగి కాళ్ళు కడుక్కున్నాడు. తర్వాత మద్దిలేటి టార్పాలిన్ తీశాడు. తాత వంగి చూసి, అద్దంలా ఉన్నాయని మెచ్చుకున్నాడు. ఎవరి కోసం కొన్నావని అడిగాడు. పిల్లల కోసమని చెప్పి, మద్దిలేటి వెంటనే జల్లెడ ఎట్లా కడగాలో చెప్పడంలో పడిపోయాడు.

అప్పుడే పెరటి తలుపు తోసుకుని చందన వచ్చింది, చిన్నోడి చెయ్యి పట్టుకుని. నాన్న ఆ వేళకు ఇంట్లో ఉంటాడనుకోలేదు, అక్కడే ఆగిపోయింది. గౌను ఎండకు ఆరింది గానీ లావుపాటి జడ ఆరలేదు. మద్దిలేటి అదేం చూడలేదు. నూనె తలతో తొట్టి దగ్గరికి రావద్దని చెయ్యి ఊపాడు.

"ఇట్రా తల్లీ" అన్నాడు తాత.

పిల్ల భయంభయంగా వచ్చింది. తాత ఏమీ అడగలేదు. ఆ జడను తొట్టి అంచు మీదుగా నీళ్ళ పైకి పట్టుకుని, తలంటు పోశాక ముసలమ్మలు పిండినట్టు మెల్లగా పిండాడు.

"తాతా, నూనె..." అంటూ మద్దిలేటి ముందుకు వచ్చాడు. వచ్చినవాడు అక్కడే నిలబడిపోయాడు.

జడలోంచి తెల్లటి నీళ్ళు కారాయి. ఆ తేట నీళ్ళలో బొట్టు బొట్టుగా పడి, విచ్చుకుంటూ అడుగుకు దిగాయి. అదేమిటో మద్దిలేటికి ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ స్నానం చేస్తుంటే తన చేతుల మీంచి కారేది అదే. పిల్ల తల మునిగేటంత తెల్లనీళ్ళు ఆ ఊళ్ళో ఎక్కడున్నాయో కూడా అతనికి తెలుసు. కిందటేడు ఎదురింటి బిడ్డను గుంతలోంచి పైకి అందించినప్పుడు, ఆ బిడ్డ జుట్టులోంచి తన భుజం మీదికి కారినవీ ఆ నీళ్ళే.

మద్దిలేటి కూతురి వైపు తిరిగాడు. కొడతాడనుకుందేమో, చందన తాత వెనక్కి జరిగింది.

"తమ్ముణ్ణి దించలేదు నాన్నా" అంది. "గట్టు మీదే కూచోబెట్టినా."

టీ గ్లాసులతో వస్తున్న సువర్ణ ఆ మాట విని గడప మీదే కూలబడింది. తాత పోయి ఆమె చేతిలోంచి గ్లాసులు తీసి కింద పెట్టాడు. చిన్నోణ్ణి పిలిచి తల్లి ఒళ్ళో కూర్చోబెట్టాడు. తొట్టిలో తెలుపు ఇంకా కరుగుతూనే ఉంది.

"నీళ్ళు తేటగా ఉన్నాయి కాబట్టి కనబడింది నాయనా" అన్నాడు.

మద్దిలేటి చెప్పులు కూడా విడవలేదు. రాతిపొడి ఒంటితో, పనిబట్టలతో, తొట్టి అంచు దాటి నీళ్ళలోకి దిగాడు. నీళ్ళన్నీ తెల్లబడ్డాయి. వాటి మధ్య నిలబడి కూతురి వైపు రెండు చేతులూ చాపాడు.

చందన కదల్లేదు. జడ గట్టిగా పట్టుకుని తండ్రి మొహంలోకి చూసింది.

"తలకు నూనె ఉంది నాన్నా" అంది.

మద్దిలేటి చాపిన చేతులు దించలేదు.