భద్రమ్మ మీద ఫిర్యాదు

చిత్తడికోన అనే అడవిలో ఏనుగులు, దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు ఉండేవి. పులిరాజు వాటిని ఏలేవాడు. ఎండాకాలంలో ఆ అడవికంతటికీ ఒకటే మడుగు దిక్కు. దాని చుట్టూ అక్కడక్కడా ఊబి. పైకి మామూలు నేలలాగే కనబడేది, కాలు పెడితే లోపలికి లాగేసేది.

అందుకని ఏనుగులు వంతులు వేసుకుని గట్టున కాపలా ఉండేవి. ఎవరైనా దిగబడితే కొండముచ్చు కూత పెట్టేది. ఏనుగు పరుగున వచ్చి, తొండానికి ఏది అందితే అది పట్టుకుని లాగేది. ఈ పని చెయ్యమని వాటికి ఎవరూ చెప్పలేదు. ముసలి ఏనుగు భద్రమ్మ మొదలుపెట్టింది, మిగతావి చూసి నేర్చుకున్నాయి.

మకుటుడు అనే మగ దుప్పికి తన కొమ్ములంటే మహా మురిపెం. నీళ్ళకని వెళ్ళి, తాగడం మరిచిపోయి, నీళ్ళలో కొమ్ములు చూసుకుంటూ నిలబడేవాడు. ఒకరోజు అలా చూసుకుంటూనే పక్కకు జరిగి ఊబిలో దిగబడ్డాడు. భద్రమ్మ వచ్చేసరికి మూతి కూడా మునిగిపోయింది. కొమ్ములు మాత్రమే పైన ఉన్నాయి. భద్రమ్మ ఒక కొమ్ముకు తొండం చుట్టి బలంగా లాగింది. మకుటుడు గట్టు మీద పడ్డాడు. ఆ కుదుపుకు కొమ్ము పుటుక్కున విరిగింది.

ఊపిరి మిగిలినందుకు సంతోషించాల్సింది పోయి, మకుటుడు ఒంటికొమ్ము చూసుకుని మండిపడ్డాడు. దుప్పి కొమ్ములు ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. ఆ సంగతి అతనికీ తెలుసు. కోపంలో ఉన్నవాడికి తెలిసిన సంగతులేవీ గుర్తు రావు కదా! తిన్నగా పులిరాజు దగ్గరికి వెళ్ళాడు.

"భద్రమ్మ నా ప్రాణం కాపాడింది, నిజమే. నా కొమ్ము విరిచింది, అదీ నిజమే. మొదటిదానికి దండం పెడతాను. రెండోదానికి మాత్రం శిక్ష పడాలి" అన్నాడు.

పులిరాజుకు తాను గొప్ప న్యాయమూర్తినని పేరు రావాలని ఆశ. తొండం వేసే ముందు ఎక్కడ పట్టుకోవాలో అడగాలని, దెబ్బ తగిలితే లాగినవారిదే పూచీ అని తీర్పు చెప్పాడు. ఆ వేసవంతా భద్రమ్మ మడుగు దరికి రాకూడదన్నాడు. మూతి బురదలో ఉన్నవాడు ఎలా జవాబు చెబుతాడో ఆయన ఆలోచించలేదు. భద్రమ్మ సన్నటి ఊటనీరు తప్ప ఏమీ లేని కొండ అవతలికి ఒంటరిగా వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి తల్లి ఏనుగులు పిల్లలకు ఒకటే మాట చెప్పాయి, కూత వినబడినా వెళ్ళొద్దని. గట్టు ఖాళీ అయిపోయింది.

కొన్నాళ్ళకు మకుటుడి రెండో కొమ్ము దానంతట అదే రాలిపోయింది. రెండు పక్కలా మెత్తటి కొత్త కొమ్ములు మొలిచాయి. అవి చూసుకుని మురిసిపోతూ, భద్రమ్మను వెనక్కి పిలిపించాలన్న ఆలోచనే అతనికి రాలేదు.

ఒక మధ్యాహ్నం అతని కూన ఆడుకుంటూ ఊబిలోకి దూకింది. కొండముచ్చు కూత పెట్టింది. ఎవరూ రాలేదు. తల్లి దుప్పి చుక్కమ్మ కొండ అవతలికి పరుగు తీసింది. మకుటుడు దగ్గర్లో ఉన్న ఏనుగుల కాళ్ళ మీద పడ్డాడు. అవి బాధగా చూశాయి గాని కదలలేదు.

"లాగేటప్పుడు కూన కాలు విరిగితే మా గతేమిటి?" అని అడిగింది ఒక ఏనుగు. ఆ మాట ఎవరు నేర్పారో మకుటుడికి తెలుసు. తల దించుకున్నాడు.

భద్రమ్మ కొండ దిగి వచ్చేసరికి కూన ముక్కు, ఒక ముందరి కాలు మాత్రమే పైన కనబడుతున్నాయి. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ కాలికే తొండం చుట్టి లాగింది. కూన బతికింది. కాలు విరిగింది.

భద్రమ్మ అటునుంచి అటే పులిరాజు ముందుకు వెళ్ళి నిలబడింది. మకుటుడితో, చుక్కమ్మతో పాటు మిగతా జంతువులూ వెంట వెళ్ళాయి.

"మహారాజా, మడుగు దరికి వచ్చాను. అడగకుండా పట్టుకున్నాను. ఈసారి కాలు విరిచాను. శిక్ష వెయ్యండి."

పులిరాజు మకుటుడి వైపు తిరిగి, "తండ్రివి నువ్వే. ఫిర్యాదు చేస్తావా?" అని అడిగాడు. మకుటుడు వెనక్కి జరిగాడు.

చుక్కమ్మ ముందుకు వచ్చింది. "నా బిడ్డ కాలు విరిచింది భద్రమ్మ కాదు, మహారాజా. గట్టున ఆమె ఉండి ఉంటే బిడ్డ నడుము దాకా దిగబడకముందే పొట్ట కింద తొండం వేసి ఎత్తేది. గట్టును ఖాళీ చేసినవాళ్ళే విరిచారు."

ఆ మాట మొగుడికీ తగిలింది, రాజుకూ తగిలింది. పులిరాజు తప్పు తన తీర్పుదేనని అందరిముందూ ఒప్పుకున్నాడు. కావాలని గానీ, నిర్లక్ష్యంతో గానీ దెబ్బ తగిలిస్తే అడగవచ్చని, ప్రాణం నిలిపే తొందరలో తగిలిన దెబ్బకు మాత్రం ఎవరినీ నిలదీయకూడదని చెప్పాడు.

భద్రమ్మ మళ్ళీ గట్టుకు వచ్చింది. మడుగులో కడుపునిండా నీళ్ళు తాగింది. ఆమె వెనకే మిగతా ఏనుగులూ వచ్చాయి.

వానాకాలం వచ్చేసరికి మకుటుడి కొమ్ములు మునుపటికంటే పెద్దవయ్యాయి. కూన కాలు మాత్రం చక్కబడలేదు. అది కుంటుతూ నడుస్తుంటే మకుటుడు వెనకే మెల్లగా నడిచేవాడు. నీళ్ళలో కొమ్ములు చూసుకోవడం మానేశాడు.

నీతి: ప్రాణం కాపాడే తొందరలో తగిలిన గాయాన్ని నేరమంటే, రేపు మన బిడ్డ మునిగేటప్పుడు గట్టున ఎవరూ ఉండరు.