కొంగగారి తీతువు పాఠం

అనగనగా ఒక అడవి. ఏరు వెళ్లి సముద్రంలో కలిసేచోట, ఉప్పునీళ్లలో వేళ్లు నానబెట్టుకుని నిలబడిన మడ అడవి. అక్కడ గంభీరయ్య అనే కొంగగారు ఉండేవారు. ఆయన మెడ పొడవు. మాట ఇంకా పొడవు.

ఊళ్లవైపు నుంచి వచ్చే దూడలకూ మేకపిల్లలకూ మడ అడవి అంటే వట్టి బురద అని చిన్నచూపు. అది కొంగగారిని బాధించింది. నిజంగానే బాధించింది, అందులో అబద్ధం లేదు. అందుకని తాబేలునూ కోతినీ కలుపుకుని ఒక సంఘం పెట్టారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా రోజూ పొద్దున్నే ఇక్కడి జీవుల మీద పాఠం. తాబేలు వచ్చినవాళ్లను కూర్చోబెడుతుంది. కొంగగారు మాట్లాడతారు. కోతి చప్పట్లు మొదలుపెడుతుంది.

పాఠానికి ఇసుక దిబ్బను ఎంచుకున్నారు. అక్కడైతే ఎవరి కాళ్లకూ బురద అంటదు. ఆ దిబ్బ మీదే ఒక తీతువు నాలుగు గుడ్లు పెట్టుకుంది. తీతువు గూడు కట్టదు కదా పిల్లలూ, నేల మీదే చిన్న గుంట చేసి పెడుతుంది. ఆ గుడ్లూ ఇసుక రంగే.

మొదటి రోజు గుంపు రాగానే తీతువు అందరి తలల మీద తిరుగుతూ గొంతు చించుకుని అరిచింది. అది మనకు స్వాగతం చెబుతోందన్నారు కొంగగారు. కోతి చప్పట్లు కొట్టింది.

రెండో రోజు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ అందరి ముందూ కుంటింది. తన వెంటపడితే వీళ్లను గుడ్లకు దూరంగా తీసుకుపోవచ్చని దాని ఆశ. అది తీతువుల నాట్యమని కొంగగారు వివరించారు. మేకపిల్లలు ముచ్చటపడి మళ్లీ చేయమన్నాయి. పాపం, అది మళ్లీ చేసింది కూడా.

మూడో రోజు తీతువు పాఠానికి ముందే వెళ్లి కొంగగారి ఎదుట నిలబడింది.

"బాబాయ్ గారూ, ఈ దిబ్బ మీద నా గుడ్లున్నాయండి. మీ పాఠం ఆ చెట్ల కింద పెట్టుకోండి. మీకు దణ్ణం పెడతాను."

కొంగగారు ఆలోచించారు. చెట్ల కింద బురద. బురదలోకి దూడలు రావు. దూడలు రాకపోతే చెప్పేది ఎవరికి?

"ఇదంతా నీ మంచికే కదమ్మా. ఇవాళ పాఠం తీతువు గుడ్ల మీదే. నువ్వూ కూర్చుని విను" అన్నారు.

పాఠం చక్కగా సాగింది. తీతువు గుడ్లు ఇసుకలో కలిసిపోతాయనీ, పక్కనే ఉన్నా కనపడవనీ, అందుకే చూసి అడుగేయాలనీ చెప్పారు. ఎలా వేయాలో చూపించడానికి తాము ఒక అడుగు వెనక్కి వేశారు. కాలి కింద ఏదో చిట్లింది. గవ్వలనుకున్నారు. కోతి చప్పట్లు కొట్టింది.

మూడు గుడ్లు పోయాయి. మిగిలిన ఒక్కదాన్ని తీతువు రెక్కల కింద దాచుకుని, గుంపు వెళ్లేదాకా కదలకుండా కూర్చుంది. అది మనకు ఎంత మచ్చికైందో చూడమన్నారు కొంగగారు.

కొన్నాళ్లకు ఆ గుడ్డులోంచి పిల్ల బయటికొచ్చింది. పోటు తగ్గి పాయ ఆరినప్పుడు తీతువు దాన్ని నడిపించుకుంటూ అవతలి దిబ్బకు వెళ్లిపోయింది.

మర్నాడు ఒక దూడ తీతువు ఏదని అడిగింది. కొంగగారి కళ్లు చెమర్చాయి. అవీ నిజమైన కన్నీళ్లే.

"ఏం చెప్పను నాయనా. తీతువుల గురించి ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే అవి మనల్ని వదిలి వెళ్లిపోతున్నాయి."

ఆ రోజే సంఘం సమావేశమైంది. ఇకమీదట సాయంత్రం కూడా పాఠం చెప్పాలని అందరూ ఒప్పుకున్నారు. చోటు కూడా కుదిరింది. అవతలి దిబ్బ మీద ఇసుక ఇంకా బాగుందట.

నీతి: ఒకరి గురించి పదిమందికి చెప్పబోయే ముందు, వాళ్లు చెప్పేది ఒకసారి వినాలి.