నల్లమ్మ కారుకి బండయ్య బేరం

గడ్డివాగు ఒడ్డున ఉండే జంతువులన్నిటికీ ఈమధ్య కార్లొచ్చాయి. కాళ్లు లేక కాదు, పక్కవాడికి కారుంది గనక. గేదె నల్లమ్మ సంగతి మాత్రం వేరు. ఆవిడ రోజూ తెల్లారేసరికి పాలక్యాన్లు కారులో వేసుకుని వాగు దాటి సంతకి పోవాలి. ఆ కారు పోయిందంటే ఇంట్లో కుడితికి కూడా దిక్కుండదు. వానలు దగ్గరపడ్డాయి, కారు ఇన్సూరెన్సు గడువు కూడా అయిపోవచ్చింది.

"నువ్వెళ్తే మోసం చేస్తారే. బేరమంటే నాది," అన్నాడు మొగుడు దున్నపోతు బండయ్య. ఒకప్పుడు తవుడు బస్తా కొని గంపెడు ఊక కొసరు తెచ్చిన ఘనుడు. ఆ కథ ఇప్పటికీ చెబుతుంటాడు. వినేవాళ్లు దొరక్కపోతే కట్టుగుంజకి చెబుతాడు.

ఇన్సూరెన్సు ఏజెంటు కొంగ ధవళరావు. తెల్లచొక్కా, సగం మూసిన కళ్లు, ఒంటికాలి మీద నిలబడి మాట్లాడతాడు. కొంగజపం అని ఊరికే అన్నారా మనవాళ్లు.

"పన్నెండు వేలండీ," అన్నాడు కొంగ.

"పది చెయ్యి."

కొంగ కాగితం మీద ఏదో కొట్టేసి ఇంకేదో రాశాడు. "మీ మొహం చూసి పది."

"ఎనిమిది."

మళ్లీ కొట్టేశాడు, మళ్లీ రాశాడు. "మా ఆవిడ తిడుతుంది. అయినా ఎనిమిదే."

"ఆరు. కొసరేమిస్తావ్?"

కొంగ మూడోసారీ కొట్టేసి రాశాడు. "ఆరే. కొసరుగా తాళాలకి గొలుసు."

బండయ్య తోకాడించుకుంటూ ఇంటికొచ్చాడు. "చూశావా, సగానికి సగం కోసేశా."

నల్లమ్మ గొలుసు పక్కన పడేసి కాగితం చదివింది. "ఏమయ్యా, కారు వాగులో కొట్టుకుపోతే మనకెంతిస్తారో అడిగావా?"

"పోనిదాని గురించి ఎవడడుగుతాడే?"

"నువ్వు తగ్గించమన్నప్పుడల్లా ఆయన మన కారు విలువ తగ్గించుకుంటూ పోయాడు. మూడు లక్షల కారుని ముప్ఫై వేలని రాశాడు. రేపు కారు పోతే చేతికొచ్చేది అంతే. పాలక్యాన్లు నెత్తిన పెట్టుకుని ఈదమంటావా? ఏడుపొస్తోందయ్యా నాకు."

బండయ్య నెమరెయ్యడం మానేశాడు.

మర్నాడు ఇద్దరూ కొంగ ఇంటికెళ్లారు. అరుగు మీద అప్పటికే మేకపోతు, గాడిద, ఇంకో పదిమంది ఇన్సూరెన్సు కాగితాలు పట్టుకుని వరసలో కూర్చునున్నారు.

"ధవళరావుగారూ, నా కారు ముప్ఫై వేలే చేస్తుందా?" అనడిగింది నల్లమ్మ.

"నాలుగేళ్ల పాతది కదమ్మా. అంతకన్నా ఎవడిస్తాడు? ధర్మంగానే రాశాను," అని కొంగ కళ్లు మూసుకున్నాడు.

"మీరన్నాక సరే. గుమ్మం ముందున్న మీ కారూ, నా కారూ ఒకే రకంవి, ఒకే రోజు ఒకే కొట్లో కొన్నవే. ఇదిగో ముప్ఫై వేలు, పాల డబ్బు. తాళాలివ్వండి, మీ కారు నేను కొనుక్కుంటా."

కొంగ గబుక్కున రెండో కాలు కింద పెట్టాడు. "ముప్ఫై వేలకా? మూడు లక్షల కారమ్మా అది. మొన్న రెండున్నరకి అడిగితేనే పొమ్మన్నాను."

"విన్నావా మేకపోతు బావా?" అంది నల్లమ్మ వెనక్కి తిరిగి.

మేకపోతు విన్నాడు. గాడిదా విన్నాడు, ఆ చెవులకి వినపడకుండా ఉంటుందా. వరసలో ఉన్నవాళ్లంతా ఎవరి కాగితం వాళ్లు విప్పి చూసుకోసాగారు.

కొంగ గొంతు తగ్గించి, మూడు లక్షలకే కొత్త కాగితం రాయబోయాడు.

"ఆగండి. నాలుగేళ్లలో ఒక్క గుద్దు లేదు, మిమ్మల్ని ఒక్క పైసా అడగలేదు. దానికేమైనా తగ్గింపుందా?"

"ఉందమ్మా," అని నీళ్లు నమిలాడు. "పన్నెండులో అది తీసేస్తే ఏడున్నర వేలు."

"మరి నిన్న మా ఆయనకి చెప్పలేదే?"

"ఆయన అది అడగలేదమ్మా. కొసరడిగారు."

బండయ్య కొమ్ములు దించుకుని కారెక్కాడు. ధవళరావుకి మాత్రం ఆ రోజు చేపల్లేవు, జపం లేదు. అందరి కాగితాలూ తిరగరాయడంతోనే పొద్దుగూకింది.

నీతి: ధర తగ్గిందని మురిసేముందు, దాంతోపాటు ఇంకేం తగ్గిందో చూసుకోవాలి.