ఉప్పగా ఉన్న పెంకులు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కప్పి చూడు అనడం మర్చిపోయారు. ఆ లోటు తీర్చడానికే ఈ కథ. పిల్లల్ని నిద్రపుచ్చడానికి మాత్రం పనికిరాదు, ముందే చెబుతున్నా.

ఏటి గట్టున పెంకుల బట్టీ ఒకటి ఉండేది. మనుషులు వదిలేసి పోయాక దాని చుట్టూ జంతువులు కాపురాలు పెట్టాయి. మేక వీరమ్మ కొంప ఆ చివర. తాటాకు కప్పు, అది గాలికి లేచిపోకుండా పైన తుమ్మకంప, ఇంటి చుట్టూ కూడా తుమ్మకంప కంచె. ఆకు చివికిపోయి వాన పడితే లోపలంతా కారేది. ఇద్దరు పిల్లలు, కొడుకు మరువం, కూతురు జాజి. చిన్నది జాజికి నెమ్ము చేసి పొద్దస్తమానం దగ్గేది.

"ఈ వానాకాలం కూడా తడిస్తే ఈ పిల్ల నాకు దక్కదు" అని వీరమ్మ కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకునేది. చెప్పుకోవడం తప్పు కాదు. నక్క పానకాలుకి చెప్పుకోవడమే తప్పు.

ఊరక రారు మహానుభావులు! పానకాలు మర్నాడే ఒక పెంకు నోట కరుచుకుని దిగాడు.

"అక్కా, ఈ తాటాకుతో ఎన్నాళ్ళు బాధపడతావు? బట్టీ వెనకాల చూరు కింద తడవకుండా పెంకుల కుప్ప దొరికింది. ఎర్రగా ఎలా ఉందో చూడు."

"పెంకుల సంగతి నాకేం తెలుసు తమ్ముడూ!"

"తెలియకపోతే నాకి చూడు. మట్టి మంచిచెడ్డలు మీ జాతికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

అదీ వాడి కిటుకు. ఉప్పుమన్ను అనుకుంటే మేకలు గోడలు కూడా నాకుతాయి. పానకాలు ముందురోజే ఆ పెంకుల మీద ఉప్పునీళ్ళు చల్లి ఎండబెట్టాడు, దొంగవెధవ. వీరమ్మ ఒకసారి నాకింది. మళ్ళీ నాకింది. కళ్ళు మూతలు పడ్డాయి.

"అబ్బ, ఎంత కమ్మగా ఉందో! నాలుకని వదలట్లేదు!"

అక్కడే పడుకుని నెమరేస్తున్న ముసలి ఎద్దు కోటయ్య తలెత్తాడు. బట్టీ నడిచిన రోజుల్లో పదేళ్ళు మట్టి తొక్కినవాడు.

"నాలుకని పట్టుకుందా? అయితే అది కాలని పెంకు, అమ్మాయ్. సెగ తగలక పచ్చిగా మిగిలిపోయినవన్నీ ఆ కుప్పలోనే పారేసేవాళ్ళు. బాగా కాలింది కొడితే ఖంగున మోగుతుంది. ఒకటి తొట్టిలో నానేసి చూడు, తెల్లారేసరికి దాని బండారం బయటపడుతుంది."

"నానేసుకో అక్కా, తొందరేముంది?" అన్నాడు పానకాలు చల్లగా. "కాకపోతే పంది అప్పాయమ్మ పొద్దుటినుంచి ఈ కుప్ప కోసం నా వెంట పడుతోంది. నువ్వు వద్దంటే ఆమెకిచ్చేస్తా. మబ్బు పడుతోంది, ఆమెకీ పిల్లలున్నారుగా."

లోపల జాజి దగ్గింది. వీరమ్మ పెంకుకి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆగు తమ్ముడూ! మావా, నువ్వు తొక్కింది మట్టి. కాల్చింది నువ్వు కాదుగా? చెట్టుకింద కునుకు తీసేవాడివి, నా బాధ నీకేం తెలుసు?"

"రెల్లుగడ్డి తెచ్చి కప్పుతాను. ఒక్క వారం ఓపిక పట్టు."

"వారమా! అప్పటికి నా పిల్ల ఉండొద్దూ?"

కోటయ్యకి రోషం వచ్చింది. గిట్టతో ఒక్క దెబ్బ వేసుంటే ఆ పెంకు చప్పుడేమిటో అందరూ వినేవాళ్ళు. వెయ్యలేదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదడం నాకెందుకు?" అంటూ తోక విసురుకుని ఏటివైపు వెళ్ళిపోయాడు. ఆ ముసలాడి మీద నాకిప్పటికీ కోపమే.

"ఇంతకీ నీకేమివ్వాలి తమ్ముడూ?"

"పాత కప్పు ఇవ్వు, చాలు. ఆకూ కంపా కలిపి నా బొరియకి అడ్డం పెట్టుకుంటా. ఆ కంచె కూడా ఎందుకక్కా? పెంకుటింటి ముందు తుమ్మకంప ఉంటే నలుగురూ నవ్వరూ?"

చెత్త తీసుకుని ఇల్లు కప్పిపెడతాడట, ఎంత మంచివాడో అనుకుంది పిచ్చితల్లి. సాయంత్రానికల్లా కంచె పోయింది, ఇంటికి ఎర్రటి కప్పు వచ్చింది. ఆ తర్వాత మూడు రోజులూ ఎండ కాసింది. జాజి దగ్గకుండా నిద్రపోయింది. అది చూసి వీరమ్మ సంతోషంతో ఏడ్చింది కూడా.

నాలుగో రోజు మధ్యాహ్నం వాన దిగింది. పెంకులు ముందు నీళ్ళు పీల్చాయి, తర్వాత మెత్తబడ్డాయి. కాసేపటికి వాసాల సందుల్లోంచి బురద ముద్దలు ముద్దలుగా పిల్లల మీద పడింది. వీరమ్మ ఇద్దర్నీ బయటికి నెట్టుకొచ్చింది. కంచె ఉండాల్సిన చోట పానకాలు తీరిగ్గా కూర్చుని తడుస్తున్నాడు.

"తమ్ముడూ, నీ పెంకులు కరిగిపోయాయి!"

"తెలుసక్కా. వాన ఎప్పుడొస్తుందా అని నేనూ ఎదురుచూస్తున్నా."

అప్పుడు అర్థమైంది ఆవిడకి. కొమ్ములు వంచి ఒక్క దూకు దూకింది. బురదలో కాలు జారి పడింది. లేచి చూసేసరికి మరువం ఒక్కడే గోడకి అంటుకుని వణుకుతున్నాడు. జాజి అరుపు గట్టు దాటేదాకా వినిపించింది. ఆ తర్వాత వాన చప్పుడే.

వాన వెలిశాక అందరూ పరామర్శకి చేరారు, ముందు చెప్పనివాళ్ళంతా అప్పుడే చెప్పారు. పంది అప్పాయమ్మ మాత్రం నోరు వెళ్ళబెట్టింది. "నేనడిగానా పెంకులు? బురదలో పొర్లేదాన్ని, నాకు కప్పెందుకే తల్లీ?"

కోటయ్య మోపెడు రెల్లుగడ్డి వీపున వేసుకొచ్చాడు. "ఆవేళ ఒక్క దెబ్బ కొట్టి చూపించాల్సింది, అమ్మాయ్. నాదే తప్పు" అన్నాడు.

ఇంతలో మరువం ఆకలికి నేలమీది పెంకు ముద్ద నాకబోయాడు. వీరమ్మ పరిగెత్తుకెళ్ళి వాణ్ణి కొమ్ముతో ఒక్క పోటు పొడిచింది. పుట్టినప్పటినుంచీ తల్లి చేత వాడు తిన్న మొదటి దెబ్బ అది. ఎందుకు కొట్టిందో వాడికి తెలియలేదు.

నీతి: నీ నాలుకకి ఏది ఇష్టమో తెలిసినవాడు తెచ్చిన సరుకుని నాలుకతో పరీక్షించకు.