ఎర్రమూతి తాబేలు

అనగనగా ఒక మెట్ట ఊరు. వాన పడితే వేరుశనగ పండేది, పడకపోతే రాళ్ళే పండేవి. ఆ ఊళ్ళో సుంకులమ్మ అని ఒకామె ఉండేది. ఆమెకు కోపం ఎక్కువ. ఎంత కోపమంటే, ఆమె వీధిలో నడిచి వస్తుంటే కుక్కలు కూడా అరుగుల కిందికి దూరేవి.

ఊరికే వచ్చిన కోపం కాదులే బుజ్జీ. ఆమె మొగుడు పోయాక పెద్దమనుషులు కూర్చున్నారు. "ఒంటరి ఆడది ఒక్కతే ఎట్లా ఉంటుంది, మరిది ఇంట్లో ఉంటుందిలే" అని తీర్మానం చేసేశారు. ఆమె అక్కడే, స్తంభం పక్కనే కూర్చుని ఉంది. ఆమెను ఒక్క మాట అడగలేదు.

ఆ తర్వాత మరిది ఎర్రిస్వామి ఆమె ఇంటికి తాళం వేశాడు. లోపల తన వేరుశనగ మూటలు పెట్టుకున్నాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అతను నడిచినప్పుడల్లా అది బీడీల డబ్బాకు తగిలి టింగుమనేది. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా సుంకులమ్మ పళ్ళు కొరికేది.

ఒక ఎండాకాలం, వానలకు ముందు, ఎర్రిస్వామి చేని గట్టు మీది ఎండుగడ్డికి నిప్పు పెట్టాడు. ఆ గట్టు పొడుగునా నాగజెముడు కంచె ఉంది. మంట గడ్డితో ఆగలేదు. కంచె మీదికి పాకింది. సుంకులమ్మ మరిదిని తిట్టుకుంటూ, వేపమండ విరిచి మంటను కొట్టింది. కొడుతుంటే పొగలో ఒక రాయి కదిలింది.

అది రాయి కాదు, తాబేలు. అరచేతికి కొంచెం పెద్దది. వీపు నల్లగా, గుండ్రంగా, బోర్లించిన చట్టిలా ఉంది. ఆ నలుపు మీద పసుప్పచ్చ గీతలు, ఒక్కో బుడిపె నుంచి చుక్క మెరిసినట్టు నలుదిక్కులా పరుచుకుని ఉన్నాయి. మూతి మాత్రం ఎర్రగా ఉంది, తాంబూలం నమిలిన ముసలమ్మ మూతిలా. ఎందుకో తెలుసా? నాగజెముడు పండు తింటోంది అది. మంట వస్తున్నా తినడం మానలేదు. "నీకూ నాకు మల్లే మొండితనం ఉంది" అంది సుంకులమ్మ. దాన్ని కొంగులో వేసుకుంది. గట్టు చల్లారాక తిరిగి తెచ్చి ఇక్కడే వదలాలి అనుకుంది.

మరిది ఇంటికి తెచ్చి, దొడ్లో గంప కింద పెట్టింది. పెట్టిందో లేదో, ఊరంతా తెలిసిపోయింది.

ముందు అంగడి నాగభూషణం వచ్చాడు. "అక్కా, దాన్ని నాకియ్యి. అంగట్లో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి పెట్టుకుంటా. తాబేలుంటే కలిసొస్తుందంట" అన్నాడు.

"నీకు కలిసొస్తుంది సరే. దానికేం కలిసొస్తుంది?" అంది సుంకులమ్మ. నాగభూషణం వచ్చిన దోవనే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత లారీ తోలే కాశన్న వచ్చాడు. "చిన్నమ్మా, టౌన్లో మా పాపకు ఆడుకోను బాగుంటుంది. గాజుపెట్టె కొని అందులో పెడతా" అన్నాడు.

"పాపను కూడా ఆ పెట్టెలోనే పెడతావా, దానికి తోడుగా?" అంది సుంకులమ్మ. కాశన్న నవ్వబోయి, ఆమె మొహం చూసి నవ్వు మానుకున్నాడు.

ఆ తర్వాత ఊరిపెద్ద తిప్పన్న వచ్చాడు. ఆయన్ని తరిమేయడం అంత తేలిక కాదు. ఎందుకంటే ఆయన వెనకాల ఊరుంది.

ఆ ఊళ్ళో అందరికీ ఒక్కటే మంచినీళ్ళ బావి. మెట్లు దిగి నీళ్ళు ముంచుకునే బావి. ఏటా ఎండాకాలంలో అందరూ కలిసి బావిలో పూడిక తీసేవాళ్ళు. కొత్త ఊట వచ్చాక పసుపు కుంకుమలతో పూజ చేసి, నీళ్ళలో ఒక తాబేలును వదిలేవాళ్ళు. పురుగూ పాచీ తిని అది నీళ్ళను మంచిగా ఉంచుతుందని వాళ్ళ నమ్మకం. పక్క ఊరి చెరువు నుంచి తెచ్చేవాళ్ళు దాన్ని. ఆ ఏడు చెరువు ఎండి నెర్రెలు విచ్చింది. తాబేలు దొరకలేదు. పూజ ఆగిపోయి ఉంది.

"గంగమ్మే పంపింది సుంకులూ. చూడు, నీళ్ళు లేక పాపం నోరు పగిలి రక్తం వస్తోంది. బావిలో వేస్తే ప్రాణం లేచొస్తుంది" అన్నాడు తిప్పన్న.

"అది రక్తం కాదు మామా, నాగజెముడు పండు. ఇదిగో, దీని కాళ్ళు చూడు." సుంకులమ్మ తాబేలును ఎత్తి పట్టుకుంది. "చెరువు తాబేలుకు కాళ్ళు తెడ్లలాగ ఉంటాయి, వేళ్ళ మధ్య తోలుంటుంది. దీనికి రోకటి మొద్దుల్లాగ ఉన్నాయి. వీటితో ఇది ఎట్లా ఈదుతుంది?"

తిప్పన్న కాళ్ళ వైపు చూడలేదు. "తాబేలు ఈదదంటావా? ఇంకా నయం, కొంగ ఎగరదని కూడా అంటావు" అన్నాడు. వెనకున్న వాళ్ళంతా నవ్వారు. అందరికంటే గట్టిగా ఎర్రిస్వామి నవ్వాడు.

నిజం చెప్పాలంటే సుంకులమ్మకు కూడా పక్కాగా తెలియదు. అట్లాంటి తాబేలును ఆమె అంతకు ముందు చూడలేదు. కానీ వేసి చూద్దాం అనేది ఆమెకు నచ్చలేదు. తెలుసుకుని వేయాలి గాని, వేసి తెలుసుకుంటే ఎట్లా?

"ముందు పశువుల తొట్టిలో రెండు చెంబులు పోసి చూద్దాం. ఈదితే మీ ఇష్టం" అంది.

"పూజకు పెట్టాల్సిన దాన్ని పశువుల తొట్టిలో వేస్తావా?" అని లెంపలు వేసుకుని తిప్పన్న వెళ్ళిపోయాడు.

మర్నాడు సుంకులమ్మ గట్టు చల్లారిందో లేదో చూడడానికి చేనికి పోయింది. కంచెలో సగం బొగ్గయింది, సగం పచ్చగా మిగిలింది. మిగిలినవైపు పండ్లు కూడా ఉన్నాయి. చాలులే, దీనికి బతుకు ఉందిక్కడ అనుకుని ఇంటికి వచ్చింది.

వచ్చేసరికి దొడ్లో గంప వెల్లకిలా పడి ఉంది. తాబేలు లేదు. బావి దగ్గర డప్పు మోగుతోంది.

అప్పుడు చూడాలి బుజ్జీ, ఆమె నడక. చెప్పులు కూడా వేసుకోలేదు. ఎండకు కాలిన రాళ్ళ మీద దబదబా పోయింది. బావి చుట్టూ జనం. పళ్ళెంలో తాబేలు. దాని వీపు మీద చుక్కలు కనపడకుండా పసుపు పూసేశారు. పళ్ళెం పట్టుకుంది ఎర్రిస్వామి.

"అది నాది కాదు, నీదీ కాదు. కింద పెట్టు" అంది సుంకులమ్మ.

ఎర్రిస్వామి ఆమె వైపు తిరగలేదు. "పసుపు కుంకుమ కాడికి నువ్వు రాకూడదు వదినా. దూరంగా నిలబడు" అన్నాడు.

ఆ మాటను కాదని ఒక్కరూ అనలేదు. అందరూ తెలిసినవాళ్ళే మరి. ఆమె చేతి కూడు తిన్నవాళ్ళూ, ఆమెతో కలుపు తీసినవాళ్ళూ.

ఎర్రిస్వామి పళ్ళెం వంచాడు. తాబేలు నీళ్ళలో పడింది. అందరూ తొంగి చూశారు. ఈదుతుందేమోనని చూశారు. అది కాళ్ళు తపతపా కొట్టుకుంది. ముందు చిన్న బుడగలు వచ్చాయి. ఆ తర్వాత పెద్ద బుడగలు వచ్చాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు. నీళ్ళ మీద పసుపు తెట్టు మాత్రం తేలింది.

"అడుక్కి పోయి ఆడుకుంటోంది" అన్నాడు తిప్పన్న. గొంతులో మాత్రం ధైర్యం లేదు.

సుంకులమ్మ జనాన్ని రెండు మోచేతులతో తోసుకుంటూ వచ్చింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపింది. పూజ చేసిన మెట్ల మీద, పువ్వుల మీద, కుంకుమ మీద కాలు వేసుకుంటూ దిగిపోయింది. "వదినా, మైలవుతుంది" అన్నాడు ఎర్రిస్వామి. ఆమె నడుముదాకా నీళ్ళలోకి దిగింది. కాలితో అడుగంతా వెతికింది. ఒక రాయి తగిలింది, కాదు. ఇంకొకటి తగిలింది, అదీ కాదు. మూడోది గుండ్రంగా తగిలింది. అప్పుడు ముక్కు పట్టుకుని మునిగి దాన్ని తీసుకొచ్చింది.

తాబేలు మెడ వేలాడిపోతోంది. సుంకులమ్మ మెట్టు మీద కూర్చుని, దాని తల కిందికి ఉండేట్టు పట్టుకుంది. ముక్కులోంచి, నోట్లోంచి నీళ్ళు కారాయి. ముందరి కాళ్ళు మెల్లగా లాగి, మెల్లగా లోపలికి తోసింది. మళ్ళీ లాగింది, మళ్ళీ తోసింది. పైన ఊరంతా గుడ్లప్పగించి చూస్తోంది. డప్పు ఎప్పుడో ఆగిపోయింది.

ఎంతోసేపటికి దాని గొంతు కింద తోలు కదిలింది. ఒక కాలు గాల్ని గీరింది. ఆ తర్వాత ఒక కన్ను తెరిచింది.

సుంకులమ్మ దాన్ని పట్టుకుని పైకి వచ్చింది. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. అందరూ పక్కకు జరిగారు.

తిప్పన్న గొంతు సవరించుకున్నాడు. "సరే, ఇది నీళ్ళది కాదని తేలింది. మెట్ట తాబేలే. అయితే గుడి వెనక చిన్న దొడ్డి కట్టించి..."

"మా అంగట్లో పళ్ళెంలో నీళ్ళు పొయ్యనులే, వట్టి ఇసకే పోస్తా" అన్నాడు నాగభూషణం.

కాశన్న కూడా నోరు తెరిచాడు. గాజుపెట్టె మాట గుర్తొచ్చి మూసుకున్నాడు.

చూశావా బుజ్జీ? ఇప్పుడే చంపబోయారు. దాని ఒంటి మీది తడి ఇంకా ఆరలేదు. అప్పుడే మళ్ళీ దానికి చోటు చూపిస్తున్నారు.

"ఇప్పటిదాకా మీరే మాట్లాడారు. ఇప్పుడు దాన్ని అడుగుదాం" అంది సుంకులమ్మ.

తాబేలును నేల మీద పెట్టింది, మొహం గుడి వైపు ఉండేట్టు. అది కాసేపు ఊరుకుంది. ఆ తర్వాత మెల్లగా గుండ్రంగా తిరిగి, చేని దోవ వైపు అడుగేసింది.

సుంకులమ్మ దాన్ని ఎత్తి, అంగడి వైపు మొహం పెట్టింది. అది మళ్ళీ తిరిగింది. చేని వైపే.

మూడోసారి బావి వైపు పెట్టింది. ఈసారి అది ఊరుకోను కూడా లేదు. వెంటనే వెనక్కి తిరిగి, మొద్దు కాళ్ళతో గబగబా నడిచింది. దారికి అడ్డంగా ఎర్రిస్వామి పాదాలున్నాయి. వాటి మీదికెక్కి, అటుపక్క దిగి పోయింది. ఎర్రిస్వామి మాత్రం కదల్లేదు. తలొంచుకుని నిలబడ్డాడు.

అప్పుడు సుంకులమ్మ తడిచెయ్యి చాచింది.

"ఏంది వదినా?" అన్నాడు అతను.

"తాళంచెవి. నా ఇంటిది."

"ఇప్పుడా? పెద్దమనుషులు చెప్పింది..."

"ఆ రోజు నన్ను ఎవరైనా అడిగారా? ఇప్పుడు నేనే చెప్తున్నా. నేను ఎటు తిరిగి ఉన్నానో కనపడలేదా నీకు?"

ఎర్రిస్వామి తిప్పన్న వైపు చూశాడు. తిప్పన్న తాబేలు వైపు చూశాడు. అది అప్పటికి వీధి మలుపు తిరుగుతోంది. "ఇచ్చెయ్యి రా" అన్నాడు.

మొలతాడు ముడి బిగుసుకుపోయి ఉంది. ఎట్లాగో విప్పి, ఆమె చేతిలో పెట్టాడు.

"నీ మూటలు పొద్దుగూకే లోపల తీసెయ్యి. ఇంకొక మాట. ఆ కంచెకు ఇంకోసారి నిప్పు పెడితే మటుకు, నేను వేపమండ మంట మీద వెయ్యను, నీ వీపు మీద వేస్తా" అంది సుంకులమ్మ.

ఆ తర్వాత తాబేలును ఎత్తుకుని చేనికి పోయింది. కంచెలో పచ్చగా మిగిలిన వైపు, దొరికిన చోటికి దగ్గర్లోనే వదిలింది. తడి కొంగుతో దాని వీపు మీది పసుపంతా తుడిచింది. చుక్కలన్నీ బయటికి వచ్చాయి. అది వెనక్కి చూడలేదు. ఎందుకు చూస్తుంది? నాగజెముడు కిందికి దూరిపోయింది.

ఆ ఏడు బావిలో తాబేలు లేదు. అయినా నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, కడవలు కడవల్లాగే నిండాయి. మరుసటి ఏడు కూడా ఎవరూ తాబేలు కోసం వెతకలేదు.

సుంకులమ్మ కోపం తగ్గిందా అంటావా? ఎందుకు తగ్గుతుంది. కాకపోతే ఆ కోపం ఇప్పుడు తన సొంత గడప మీద కూర్చుని పడేది. తొలివాన పడ్డాక ఒక పొద్దున ఆమె గట్టు మీదికి పోయింది. తడిసిన మట్టిలో మొద్దు కాళ్ళ అడుగులు కనపడ్డాయి. వాటి వెంట పోతే, కంచె కింద ఎర్రటి మూతి ఒకటి నములుతూ కనపడింది.

"తిను తిను, నిన్నెవరూ ఏమీ అనరు" అంది సుంకులమ్మ. ఆ మాట కూడా కసురుతున్నట్టే అంది.

తాబేలు చేరింది కంచె కిందికి,
సుంకులమ్మ చేరింది తన గడపలోకి,
కథేమో నడిచింది కంచి దిక్కుకి,
నువ్వేమో జారుకో నిదర ఒళ్ళోకి.