దొరగారి టిక్కుమనే రెంచి

జమీందారీల కాలంలో పైడమ్మ అనే రైతు ఇంటి పెరట్లో ఓ ఆయిలింజను ఉండేది. చుట్టుపక్కల వరిమళ్లన్నిటికీ అదే నీళ్లు తోడేది. నాట్లు పడిన వెంటనే అది మొరాయించింది.

సంగతి తెలిసి జమీందారు భుజంగరావుగారు స్వయంగా కారులో వచ్చారు. ఇంజన్లు బాగుచేయడం ఆయనకు సరదా. ఇంగ్లండు నుంచి తెప్పించిన టార్క్ రెంచి చేతిలో ఉంది. బోల్టు తగినంత బిగియగానే అది టిక్కుమంటుందట.

"ఇది అబద్ధమాడదు," అంటూ తిప్పారు. టిక్కుమనలేదు. ఇంకా తిప్పారు. బోల్టు పుటుక్కున తెగింది.

"మీ బోల్టే నాసిరకం," అంటూ రెండోదానికి రెంచి తగిలించారు.

పైడమ్మకు దొరను వద్దనే ధైర్యం లేదు, ఊరుకుంటే ఇంజను దక్కదు.

"బాబుగారూ," అంది చేతులు జోడించి, "ఇంత గొప్ప పనిముట్టు ముందుగా మా తుప్పు ఇనుమును ముట్టుకోవడం ఏం బాగుంటుందండీ? మొదట మీ కారు బోల్టులు బిగించండి. అవి మేలురకం కదా, తెగవు. ఆ తరవాతే మావి."

దొర హుషారుగా కారు బానెట్టు ఎత్తి రెంచి తగిలించారు. అంతలో చెయ్యి ఆగిపోయింది.

"ఒకవేళ ఇప్పుడూ టిక్కుమనకపోతేనో?" అని గొణిగారు.

పైడమ్మ నేలచూపులు చూసింది. ఆమె వంక చూసి ఆయన పకపకా నవ్వేశారు. వెంటనే కారు పంపి, పట్నం నుంచి మేస్త్రీని, సరిచూసిన రెంచిని, కొత్త బోల్టును రప్పించారు. పొద్దువాలేసరికి మళ్లలోకి నీళ్లు పారాయి.

పైడమ్మ కళ్లు చెమర్చాయి. "మీ దయవల్ల మా పైరు బతికింది బాబుగారూ," అని వంగి దండం పెట్టింది.

"లేమ్మా," అన్నారు దొర. "దండం పెట్టాల్సింది నువ్వు కాదు. నా కారే నీకు పెట్టాలి."